గ్రాహ్యతా, గ్రాహకతా?

కొత్తకెమెరా: ఎప్పుడో చదివిన మాట ఒకటి రెండు రోజులుగా నోట్లో నానుతోంది. "వెలుతురు తగ్గితే గ్రాహ్యత పెంచు..." తర్వాతి ముక్క గుర్తు రావడం లేదు. కెమెరాలో వెలుతురుకు తగ్గట్టు మార్చుకునే అంకె ఉంటుందే, ఆ ఐఎస్ఓ గురించే. అసలది గ్రాహ్యతా, గ్రాహకతా? 'సున్నితత్వం' మాత్రం వద్దండీ, మనసు గురించి చెప్పినట్టుంటుంది.

నిఘంటుప్రియ: గ్రాహకతే. గ్రాహ్యం అంటే గ్రహించదగినది, అంటే వెలుగు. గ్రహించేది కెమెరాలోని సెన్సర్. ఒక్క 'హ్య'తో కర్త పోయి కర్మ వచ్చి కూర్చుంది.

పాతఫిల్ము: ఫిల్ము వాడిన చేతులకు రెండూ అతకవు. మేం 'స్పీడు' అనేవాళ్లం. తక్కువ వెలుతురుకే బొమ్మ పట్టేస్తుంది కాబట్టి తెలుగులో 'చురుకు' చాలు. అంకె రెట్టింపైతే కావలసిన వెలుగు సగం. ఇది అమెరికా వాళ్ల ఏఎస్ఏ లెక్క. జర్మన్ల డిన్ లెక్కలో రెట్టింపుకి 3 డిగ్రీలు కలిపేవారు. ఫిల్ము డబ్బా మీద 100/21° అని రెండూ పక్కపక్కనే ఉండేవి. ఐఎస్ఓ ఆ రెండిటినీ కలిపిందే.

సెన్సర్‌పిచ్చి: డిజిటల్‌లో చురుకూ కుదరదు, గ్రాహకతా కుదరదు. 100 నుంచి 1600కి మార్చినంత మాత్రాన సెన్సర్ ఒక్క చుక్క వెలుగు ఎక్కువ తాగదు. అందిన సంకేతాన్నే కెమెరా పెద్దది చేస్తుంది. ఫొటోలో గరుకుకి అసలు కారణం వెలుగు చాలకపోవడం, పెంచడం వల్ల అది కళ్లబడుతుంది. నా ఓటు 'పెంపు'కే.

నిఘంటుప్రియ: పెంపు అనగానే పోతన 'పెంజీకటి' మెదిలింది. పెను, చీకటి కలిసేసరికి 'చీ' కాస్తా 'జీ' అయింది. ఆ జీ పలికినప్పుడల్లా చీకటి ఇంకాస్త చిక్కబడుతుంది నాకు.

పాతఫిల్ము: ఆ పద్యంలో 'పెంజీకటి కవ్వల' అని ఉంటే, 'కవ్వల' అని విడిగా ఒక మాట ఉందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పెంజీకటికి అవ్వల. అంత చీకటికి ఆవల వెలిగేవాణ్ణి చెప్పడానికి ఆయనకు ఎన్ని తక్కువ మాటలు సరిపోయాయో చూడండి!

కొత్తకెమెరా: నిన్న రాత్రి మా పాప దీపం దగ్గర బొమ్మ గీసుకుంటోంది. ఐఎస్ఓ 400, షట్టర్ తెరిచి ఉన్నది 1/15 సెకను. చెయ్యి మొత్తం అలికేసినట్టు వచ్చింది. 1600కి పెంచితే షట్టర్ 1/60 అయింది. నీడల్లో ఇసక చల్లినట్టు గరుకు, కానీ పెన్సిల్ మొన స్పష్టంగా ఉంది. అది చూస్తుంటే రెండో ముక్క గుర్తొచ్చేసింది: "గరుకును ఓర్చుకో, వణుకును ఓర్చుకోకు." మొదటి పదమే ఇంకా తేలలేదు.

సెన్సర్‌పిచ్చి: సరైన మాట. గరుకును తర్వాత కంప్యూటర్‌లో కొంత తగ్గించుకోవచ్చు, అలికిపోయిన చేతిని తిరిగి తేవడం కష్టం.

నిఘంటుప్రియ: వణుకు అని ఖాయంగా గుర్తుందా? కెమెరా పట్టిన చేతిదైతే వణుకు. మీ ఫొటోలో కదిలింది పాప చెయ్యి. అక్కడ 'కదలిక' ఉండాలి.

పాతఫిల్ము: 1/15కి కెమెరా కూడా కదిలే ఉంటుంది. దానికి మేం 'షేక్' అనేవాళ్లం. తెలుగులో 'అదురు' అంటే?