రోమాల విషయంలో "సోషల్ ఇన్‌క్లూజన్" అంటే తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ఐరోపాలో రోమాల కోసం (జిప్సీలంటారే, ఆ జనం కోసం) మున్సిపాలిటీలు చేస్తున్న పనుల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో "సోషల్ ఇన్‌క్లూజన్", అంటే దూరంగా నెట్టేసినవాళ్లకు సమాజంలో అందరితో సమానంగా చోటు దక్కడం, అనే మాట వస్తోంది. పత్రికల్లో వాడే "సామాజిక సమ్మిళితం" ఇంట్లో చదివి వినిపిస్తే అమ్మ "ఏ మిళితం?" అంది. "రోమాలను అక్కున చేర్చుకుంటున్న మున్సిపాలిటీలు" అని శీర్షిక పెట్టొచ్చా? పోనీ, "జనజీవన స్రవంతిలో కలపడం"? జిప్సీలు అంటే అందరికీ తెలుస్తుంది కదా, అలాగే రాసేయనా?

జవాబు: జిప్సీ వద్దండి. ఈజిప్టు నుంచి వచ్చారనుకుని పక్కవాళ్లు పెట్టిన పేరది. 1971లో లండన్ దగ్గర జరిగిన మొదటి ప్రపంచ రోమానీ మహాసభ "రోమా"నే ఖాయం చేసింది. బ్రిటన్‌లో కొందరు తమను తామే జిప్సీలమని చెప్పుకుంటారు, వాళ్ల సంగతి వేరు.

జనజీవన స్రవంతి లొంగిపోయిన నక్సలైట్లకు వాడే మాట. వీళ్లు ఏ అడవిలోంచి వచ్చారని? "అక్కున చేర్చుకోవడం"లో ఒకరు దాత, ఇంకొకరు దిక్కులేనివారు. రోమాలు ఐరోపాలో ఆరేడు వందల ఏళ్లుగా ఉన్నారు. ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యేలో 1996లో షూటో ఒరిజారి అనే మున్సిపాలిటీ ఏర్పడింది. జనంలో ఎక్కువమంది రోమాలే, మేయర్లూ వాళ్లే, రోమానీ అక్కడ అధికార భాష కూడా. అక్కడ ఎవరు ఎవర్ని అక్కున చేర్చుకోవాలి?

ఇంకొకరు: మరి "విలీనం"?

జవాబు: అది ఇంకా ప్రమాదం. 18వ శతాబ్దంలో హంగరీని ఏలిన మరియా థెరిసా రోమాల పిల్లల్ని లాక్కుని వేరే ఇళ్లలో పెంచమంది, "కొత్త హంగేరియన్లు" అని పేరు కూడా మార్చింది, ఆమె కొడుకు రెండో జోసెఫ్ వాళ్ల భాషను నిషేధించాడు. విలీనం అంటే అదే! నా ఓటు "కలుపుకుపోవడం"కి. "కలిపేసుకోవడం" అని మాత్రం రాయకండి, అర్థం తిరగబడుతుంది.

ఇంకొకరు: కలుపుకుపోవడం సరే గానీ, మున్సిపాలిటీలు అన్నీ మంచే చేశాయా? చెక్ దేశంలో ఊస్తీ నాద్ లాబెమ్ అనే ఊళ్లో 1999 అక్టోబరులో రోమాల ఇళ్లకు, ఎదుటివాళ్ల ఇళ్లకు మధ్య గోడ కట్టించింది స్థానిక పాలకవర్గమే. గోలగా ఉందని ఎదుటివాళ్ల ఫిర్యాదు. గోడ అనకుండా "కంచె" అన్నారు. దేశదేశాలా గొడవయ్యాక నవంబరులోనే కూల్చేశారు. ఇలాంటివి అనువదించేటప్పుడు వాళ్లు కంచె అన్నారు కదా అని మనమూ కంచె అనకూడదు.

ప్రశ్న అడిగినవారు: బాగా చెప్పారు. వ్యాసంలో "మీడియేటర్" కూడా ఉంది. మధ్యవర్తి అనేశాను.

జవాబు: మధ్యవర్తి అంటే మనకు తగవు తీర్చేవాడో, పెళ్లి సంబంధం కుదిర్చేవాడో! రొమేనియాలో హెల్త్ మీడియేటర్లు చాలావరకు రోమా ఆడవాళ్లే. గుర్తింపు కాగితాలు లేనివారికి తీయించడం, ఫ్యామిలీ డాక్టరు దగ్గర పేరు రాయించడం, పిల్లల టీకాలు తప్పకుండా చూడటం వాళ్ల పని. మొదట ఆరోగ్యశాఖ కింద ఉండేవారు, తర్వాత ఆ ఉద్యోగాలు స్థానిక సంస్థలకు మారాయి. మన ఆశా కార్యకర్తలకు దగ్గర. "రోమా ఆరోగ్య కార్యకర్త" అంటే చాలు.

అసలు ఇన్‌క్లూజన్ వచ్చిన ప్రతిచోటా ఒకే మాట అతికించకండి. బడిలో సీటా, కుళాయా, ఇంటి పట్టానా? చేసిన పని పేరే రాయండి, అమ్మగారికీ అర్థమవుతుంది.

ఇంకొకరు: రోమాలకూ మన లంబాడీలకూ చుట్టరికం అంటారు కదా, వాళ్ల పేటను "తండా" అనొచ్చా?

జవాబు: రోమాల భాష రోమానీ ఉత్తర భారత భాషల కుటుంబానిదే, నీళ్లను "పానీ" అనే అంటారు. అంతమాత్రాన లంబాడీలకు నేరుగా బంధువులని తేలలేదు. తండా వద్దు. బాల్కన్లలో, అంటే ఐరోపా ఆగ్నేయ మూలనున్న దేశాల్లో, ఆ పేటల్ని "మహలా" అంటారు. టర్కీ పాలనలో అరబ్బీ నుంచి వచ్చిన మాట, హైదరాబాదు "మొహల్లా"కు తోబుట్టువు. మొహల్లా అనే రాసేయండి.