సమస్యాపూరణం: "చేప లేని వంట చేప వంట" (ఈ వారం జపాన్ యాత్ర)

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

*చేప లేని వంట చేప వంట*

నిబంధన ఒక్కటే, పూరణ జపాన్‌లో జరగాలి. వారం రోజుల్లో టోక్యో, క్యోటో, ఒసాకా చుట్టి వద్దామనుకునే వాళ్లకి పనికొచ్చే ముక్క ఏదైనా పద్యం కింద రాయండి.

కాలిబాట:

కోడి లేదు మేక కూర లే దందులో
తోఫు ముక్క నాచు తోడ వచ్చె
ఎండు చేప పొరలె యీ చారు మూలము
చేప లేని వంట చేప వంట

శాకాహారులకి మొదటి దెబ్బ తగిలేది ఇక్కడే. మీసో సూపు, ఉడాన్ నూడుల్స్, సోబా నూడుల్స్ నంజుకునే చారు, అన్నిటికీ ఆధారం దాషి. చేపని ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి, చెక్క పొట్టులా పల్చగా చెక్కి, వేడినీళ్లలో వేసి రసం తీస్తారు. చేప వద్దంటే ముక్కలు వెయ్యరు, అంతే. చారులో ఉన్నదాన్ని చాలామంది చేప కింద లెక్కెయ్యరు. అందుకని "దాషి ఉందా?" అనే అడగండి.

నిర్వాహకుడు: సూటిగా ఉంది. నేను సమస్య ఇస్తూ ఊహించిన పూరణ కూడా ఇదే, అందుకే ఆశ్చర్యం కాస్త తగ్గింది. రెండో పాదం చివర విసంధి ఉంది, అచ్చు పక్కన అచ్చుని కలపకుండా వదిలేశారు. "వచ్చె / నెండు" అని కలపండి, అచ్చు యతే కాబట్టి చెడదు.

ఒసాకా కోడలు:

మీన రూపు మూస మీద పిండిని పోసి
యెఱ్ఱ గింజ ముద్ద యిముడ జేసి
కాల్చి యిచ్చి రదియె కమ్మని తైయాకి
చేప లేని వంట చేప వంట

చేప ఆకారంలో ఉన్న ఇనుప మూసలో కాల్చే తీపి వంటకం ఇది. లోపల పెట్టేది అజుకి గింజల ముద్ద, మన పూర్ణానికి దగ్గర చుట్టమే. వేడిగా ఉన్నప్పుడే తినాలి. పిండిలో గుడ్డు కలిపే దుకాణాలు చాలా ఉన్నాయి, పట్టింపు ఉన్నవాళ్లు కనుక్కోండి. మా ఒసాకాలో డోటోన్‌బోరికి చీకటి పడ్డాకే వెళ్లండి. కాలవ నీళ్లలో ఆ లైట్లు చూడాలి. అక్కడ అందరూ ఎగబడే తాకోయాకి ఉండల్లో ఉండేది ఆక్టోపస్ ముక్క. ఒకోనోమియాకి అట్టు మీద ఆవిరికి కదులుతుండేవి కూడా ఎండుచేప పొరలే!

గోదారిగట్టు:

అద్దమందు జూడ నన్నియు ప్లాస్టికే
కప్పబాషి వీధి కాంతులీనె
సుషియు నిచట బొమ్మ, చూడ నోరూరును
చేప లేని వంట చేప వంట

టోక్యోలో ఉయెనోకీ అసాకుసాకీ మధ్య ఉందీ వీధి. హోటళ్లకి కావలసిన గిన్నెలు, కత్తులు, అద్దాల్లో పెట్టే నకిలీ వంటకాలు అన్నీ దొరుకుతాయి. ఆదివారం చాలా దుకాణాలు మూసేస్తారు. అక్కణ్నించి సెన్సోజీ గుడికి నడిచే వెళ్లొచ్చు. రాత్రి గర్భగుడి మూసినా ప్రాంగణం తెరిచే ఉంటుంది, దీపాలుంటాయి, జనం ఉండరు. నన్నడిగితే గుడిని చూడాల్సింది అప్పుడే.

కందగడ్డ: "అన్నియు ప్లా" దగ్గర "యు" గురువు కాదా అండీ?

నిర్వాహకుడు: వేర్వేరు పదాలు, సమాసం కాదు. లఘువే. నా అభ్యంతరం వేరు. బొమ్మని "వంట" అంటే ఒప్పుకునేదెలా?

కొత్తకలం:

కోయసాను మఠము కూడు సాత్వికమయ్య
శాకమైన పులుసు మాకు చాలు
తోఫు తోడ చేయ చూపుకు మీనమే
చేప లేని వంట చేప వంట

మొదటి ప్రయత్నం, తప్పులుంటే చెప్పండి. బౌద్ధ మఠాల షోజిన్ వంటలో మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు. దాషి కూడా కొంబు నాచుతో, పుట్టగొడుగులతో తీస్తారు. అచ్చం చేపలా కనబడే నకిలీ వంటకాలు కూడా ఆ సంప్రదాయంలో ఉన్నాయి. ఒసాకా నాంబా నుంచి నాంకాయ్ రైల్లో గోకురాకుబాషి దాకా, అక్కణ్నించి కేబుల్ కారులో కోయసాను కొండ మీదికి. మఠంలోనే పడుకోవచ్చు. భోజనం సాయంత్రమే పెట్టేస్తారు కాబట్టి పొద్దుండగానే చేరండి. తిన్నాక ఓకునోయిన్ శ్మశానవాటికలో దేవదారుల కింద దీపాల దారిలో నడవండి. భయం వెయ్యదు, నిజం.

కందగడ్డ: రెండో పాదంలో యతి తప్పింది. శా కి మా ఏమిటి?

నిర్వాహకుడు: తప్పలేదండీ. శాక, మాకు: రెండో అక్షరాలు కలిశాయి, అది ప్రాసయతి, ఆటవెలదికి చెల్లుతుంది. తప్పింది మూడో పాదంలో. తో, చూ కలవవు. ఫ, ప వేరు కాబట్టి ప్రాసయతీ లేదు. తోఫు సోయాదే కదా, "సోయ తోడ" అంటే సరిపోతుంది.

రాత్రిబండి:

అడుగకుండ వచ్చె నరచేతి గిన్నెలో
నాకుకూర, దాని యందు దాషి
బిల్లు లోన జేరె. విందు రాతిరి వేళ
చేప లేని వంట చేప వంట

ఇజకాయాలో (జపాన్ తరహా బారులో) కూర్చోగానే అడక్కుండా ఓ చిన్న గిన్నె పెడతారు. దాని పేరు ఓతోషి. అది కూర్చున్నందుకు రుసుము, మనిషికి 300 నుంచి 500 యెన్లు మామూలు. మోసం కాదు, గొడవ పడకండి. ఎలాగూ టిప్పు ఇవ్వక్కర్లేదు. టోక్యోలో షింజుకు గోల్డెన్ గాయ్‌లో దాదాపు 200 బార్లు, ఒక్కోదాన్లో పదిమంది పడితే గొప్ప. ప్రవేశ రుసుము తలుపు మీద చూసుకుని వెళ్లండి. పక్కనే కబుకిచోలో చెయ్యి పట్టి పిలిచేవాళ్ల వెంట మాత్రం వెళ్లొద్దు. ఆఖరి రైలు అర్ధరాత్రి ప్రాంతంలో వెళ్లిపోతుంది, మళ్లీ ఐదింటికే. తప్పిపోతే క్యాప్సూల్ హోటల్ వెతుక్కోవాలి.

కందగడ్డ: పద్యం నాకు కుదర్లేదు కానీ ఒక లెక్క చెప్తా. 2023 అక్టోబర్‌లో విదేశీ పర్యాటకులు జపాన్ రైళ్లలో తిరగడానికి కొనే 7 రోజుల జేఆర్ పాస్ 29,650 నుంచి 50,000 యెన్లకి పెరిగింది. టోక్యో నుంచి క్యోటో షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఒకవైపు దాదాపు 14,000. పోనూ రానూ కలిపినా పాస్ డబ్బులు రావు. విడి టికెట్లే మేలు.

నిర్వాహకుడు: ఈ వారం బహుమతి పద్యం ఒసాకా కోడలు గారిది. మిగతావాళ్లు చేపని ఎక్కడో దాచారు, లేదా వంటనే బొమ్మ చేశారు. ఆవిడ పద్యంలో చేప లేదు, అయినా వంట చేపే. కొత్తకలం గారి కోయసాను దగ్గరగా వచ్చింది, యతి సరిచేసి మళ్లీ పెట్టండి.

రాత్రిబండి గారి ఆఖరి రైలు మాట నుంచే వచ్చే వారం సమస్య. తేటగీతి:

*నిదుర లేనట్టి నగరమే నిదురపోయె*