3816547290: గణితమా, అంకెల గారడీనా?

లెక్కలపిచ్చి:
381 కోట్ల 65 లక్షల 47 వేల 290. సున్నా నుంచి తొమ్మిది దాకా అన్ని అంకెలూ ఒక్కోసారే వచ్చాయి. మొదటి రెండంకెలు 38, రెండుతో నిశ్శేషంగా పోతుంది. 381 మూడుతో, 3816 నాలుగుతో... ఇలా పది దాకా. ఏడు దగ్గర నమ్మకం కుదరక కాగితం మీద వేశాను. 3816547ని ఏడుతో భాగిస్తే 545221, శేషం సున్నా. ఇలాంటిది ఇదొక్కటే. ఆఫీసులో చూపిస్తే "అయితే ఏంటి?" అన్నారు. మీరేమంటారు?

పాతబోర్డు:
గారడీయే అంటాను. అది సంఖ్య గుణం కాదు, మన రాత గుణం. మనిషికి ఎనిమిది వేళ్లే ఉండుంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. 4294967297ని చూడండి, 32 రెళ్లను గుణించి ఒకటి కలిపితే వస్తుంది. ప్రధాన సంఖ్యేనని గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 641తో పోతుందని 1732లో ఆయిలర్ తేల్చాడు. ఎలా రాసినా పోతుంది. గుణం అంటే అదీ! తిరగేసిన సంఖ్యకు గుణిజాలయ్యే నాలుగంకెల సంఖ్యలు 8712, 9801 మాత్రమేనని (అటూ ఇటూ ఒకేలా ఉండేవి, సున్నాతో ముగిసేవి వదిలేస్తే) చెబుతూ, అందులో గణితజ్ఞుణ్ణి ఆకట్టుకునేదేమీ లేదని ఇంగ్లీషు గణితజ్ఞుడు హార్డీ 1940లోనే రాశాడు.

సరిబేసి:
మాస్టారూ, ఎనిమిది వేళ్లన్నారు కదా, అదే ప్రశ్న అక్కడా అడుగుదాం. చివరి సున్నాను పక్కన పెట్టండి. పదులకు బదులు ఎనిమిదులు కట్టి రాస్తే ఇలాంటివి మూడున్నాయి: 3254167, 5234761, 5674321. ఆరు ఆధారంలో, అంటే ఆరులు కట్టి రాస్తే, రెండు. బేసి ఆధారంలో మాత్రం ఒక్కటీ ఉండదు. తొమ్మిదితో పోవాలంటే అంకెల మొత్తం తొమ్మిదితో పోవాలని ఆరో తరగతిలో చదివాం కదా, తొమ్మిది ఆధారంలో ఆ సూత్రం ఎనిమిదికి పనిచేస్తుంది. ఒకటి నుంచి ఎనిమిది దాకా కలిపితే 36, ఎనిమిదితో పోదు. ఏ బేసి ఆధారానికైనా ఇదే గతి. ఇక ఇది వేళ్ల సంగతి ఎలా అవుతుంది?

పాతబోర్డు:
బేసి సంగతి ఒప్పుకున్నాను, అది నిరూపణే. మరి సరి ఆధారాల్లో? 12లో ఒక్కటీ లేదంటారు, 14లో ఒకటుందంటారు. కంప్యూటర్‌కిచ్చి వెతికిస్తే దొరకలేదనడం గణితం కాదండీ.

సరిబేసి:
12కి కంప్యూటర్ అక్కర్లేదు. ఆరో అంకె ఆరుతో పోవాలి కాబట్టి అది 6. సరి స్థానాలన్నీ సరి అంకెలకే సరిపోతాయి, అంటే ఏడో అంకె బేసి. 12 పన్నెండ్లు 144 ఎనిమిదితో పోతుంది కనుక ఎనిమిదో స్థానం దగ్గర చివరి రెండంకెలు చూస్తే చాలు. ఏడో అంకె బేసైతే ఎనిమిదోది 4 కాక తప్పదు. 144 తొమ్మిదితోనూ పోతుంది. కాబట్టి 12 నాలుగులు 48కి తొమ్మిదో అంకె కలిపితే తొమ్మిదితో పోవాలి. 6 కలిపితేనే 54. ఆ ఆరును ఆరో స్థానంలో వాడేశాం!

లెక్కలపిచ్చి:
అబ్బ! ఇది రేపు ఆఫీసుకి పట్టుకెళ్తున్నాను.

పాతబోర్డు:
రెండుసార్లు వేసి చూశాను, తప్పు దొరకలేదు. కానీ 14 సంగతి ఇంకా తేల్చలేదు మీరు.