అప్‌డేట్: బ్లెండర్‌ (3డీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్)లో హ్యాండ్‌బ్యాగ్ తోలు మందం సమస్య తీరింది

బొబ్బిలి వీణ కుండ వంపు చూసి గీసుకున్న లగ్జరీ హ్యాండ్‌బ్యాగ్ మోడల్‌కి సాలిడిఫై (పలచని ఉపరితలానికి మందం ఇచ్చే టూల్) పెడితే, తోలు ఒకవైపు పలచగా, ఇంకోవైపు అట్టలా వస్తోందని అడిగాను కదా. సాయం చేసిన అందరికీ థాంక్స్.

"స్కేల్ అప్లై చేశారా?" అన్నవారే కరెక్ట్ (అంటే, సాగదీసిన సైజునే అసలు సైజుగా ఖాయం చేయడం). ఆబ్జెక్ట్ మోడ్‌లోనే (వస్తువుని మొత్తంగా మార్చే మోడ్) క్యూబ్‌ని అడ్డంగా సాగదీశాను. ఎన్ నొక్కి చూస్తే స్కేల్ ఎక్స్ దగ్గర 2.4, వై దగ్గర 0.8 ఉంది! కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేయగానే అన్నీ 1 అయ్యాయి, మందం చుట్టూ సమానంగా వచ్చింది. మందం విలువ మాత్రం మళ్లీ 2 మిల్లీమీటర్లకి సరిచేసుకున్నాను. బెవెల్ (అంచుల్ని నున్నగా వంచే టూల్) దానంతటదే దారికొచ్చింది.

నేను అనుమానించిన నార్మల్స్‌కీ (ఉపరితలం ఎటు తిరిగి ఉందో చెప్పే దిశలు) గ్రాఫిక్స్ కార్డుకీ దీంతో సంబంధమే లేదు. కార్డు చూపించడానికి విజయనగరం దాకా బస్సులో సీపీయూ ఒళ్లో పెట్టుకుని వెళ్లింది దండగ.