టీహెచ్‌ఎఫ్‌కి సోడియం-బెంజోఫినోన్ స్టిల్ ఇంకా అవసరమా?

లాసన్స్‌బే స్కాలర్: నీరు తగిలితే చెడిపోయే గ్రిన్యార్ రియాక్షన్ కోసం, టీహెచ్‌ఎఫ్ అనే ద్రావణిలో తేమ తీసెయ్యాలి. మా గైడ్ గారు సోడియం, బెంజోఫినోన్ వేసి స్టిల్ (మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టే అమరిక) పెట్టమంటున్నారు. పక్క ల్యాబ్ అన్న మాలిక్యులర్ సీవ్స్ (తేమ పీల్చే సన్న రంధ్రాల గింజలు) చాలంటున్నాడు. ఈ విశాఖ ఉక్కలో ఎవరి మాట వినను?

పాతకాపు: గైడ్ మాట విను బాబూ. బెంజోఫినోన్ సోడియం నుంచి ఒక ఎలక్ట్రాన్ లాక్కుని కీటైల్ అనే పదార్థం అవుతుంది, దాని రంగు ముదురు నీలం. నీరు గానీ ఆక్సిజన్ గానీ మిగిలి ఉంటే ఆ రంగు నిలవదు. పైగా బెంజోఫినోన్ మరిగేది 305 డిగ్రీల దగ్గర, టీహెచ్‌ఎఫ్ 66కే ఆవిరవుతుంది. అది కింద ఉండిపోతుంది, నీకు శుభ్రమైన ద్రావణి వస్తుంది. సీవ్స్ ఏ రంగు చూపిస్తాయి?

పరవాడ నైట్‌షిఫ్ట్: రంగు చూసి మురిసిపోకండి సార్. విలియమ్స్, లాటన్ అనే కెమిస్టులు 2010లో కొలిచి మరీ చూపించారు. స్టిల్ నుంచి వచ్చిన టీహెచ్‌ఎఫ్‌లో సుమారు 43 పీపీఎం (పది లక్షల్లో 43 వంతులు) నీరు, 3 ఆంగ్‌స్ట్రామ్ రంధ్రాల సీవ్స్ మీద రెండు రోజులు ఉంచిన దాంట్లో 6. నీలం ఫ్లాస్కులో సంగతి చెబుతుంది, సిరంజిలోకి ఎక్కినదాని సంగతి కాదు. నేను చదువుకున్న ల్యాబ్‌లో ఓ రాత్రి కండెన్సర్‌కి నీళ్ళు ఆగిపోయాయి. తెల్లారి చూస్తే ఫ్లాస్కులో ద్రావణి అడుగంటింది, ఇట్టే మంటంటుకునే సోడియం మాత్రం అలాగే ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

పాతకాపు: కాపలా లేకుండా స్టిల్ వదిలేసిన వాళ్ళది తప్పు, స్టిల్‌ది కాదు. ఆ 6 లెక్క ఒప్పుకుంటా. కానీ సీవ్స్ ఆక్సిజన్ని తీస్తాయా? ద్రావణి పాడవకుండా సీసాలో కలిపిన బీహెచ్‌టీని తీస్తాయా?

సింహాచలం సంపెంగ: ఆక్సిజన్‌కి నైట్రోజన్ బబ్లింగ్ ఉంది. బీహెచ్‌టీ గ్రిన్యార్‌కి పెద్ద అడ్డేమీ కాదు, అది లేకపోతేనే పేలే పెరాక్సైడ్ల భయం. అసలు పేచీ సీవ్స్‌తోనే. మన ఊరి గాలిలో మూత తీసిన డబ్బా అప్పటికే తడి తాగేసి ఉంటుంది. వాక్యూమ్‌లో 300 డిగ్రీల దగ్గర కాల్చి, నైట్రోజన్‌లో చల్లార్చాలి. చేతికి గ్లవ్ వేసుకుని నాలుగు గింజలు తీసి ఓ చుక్క నీరు వెయ్యి. చురుక్కుమంటే పనికొస్తాయి, లేదంటే మళ్ళీ కాల్చు.

లాసన్స్‌బే స్కాలర్: అయితే సీవ్సే. నీటిని కొలిచే కార్ల్ ఫిషర్ పరీక్షలో అంకె చూపిస్తే గైడ్ గారు కాదనరేమో. మరి కొనేసిన బెంజోఫినోన్ ఏం చెయ్యను?

పాతకాపు: ఐసోప్రొపనాల్‌లో కరిగించి, ఓ చుక్క ఎసిటిక్ ఆమ్లం వేసి, మూత బిగించి మేడ మీద ఎండలో పెట్టు. కొన్ని రోజులకి అది బెంజోపినకాల్ అనే వేరే పదార్థంగా మారి స్ఫటికాలు దిగుతాయి. ఆషాఢం మబ్బులు పట్టకముందే పెట్టుకో.