శాంటా ఫేలో రెండు రోజులు: పెద్దవాళ్లతో వెళితే ఏవి చూడాలి?

ప్రశ్న – కృష్ణాతీరం (డాలస్)

నమస్కారం. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మానాన్నలను సెప్టెంబరులో న్యూ మెక్సికో రాజధాని శాంటా ఫేకు కారులో తీసుకువెళ్లాలని అనుకుంటున్నాము. నాన్నగారు చరిత్ర అధ్యాపకులుగా పదవీ విరమణ చేశారు. అమ్మకు చేతిపనులంటే ప్రాణం, కానీ మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువ దూరం నడవలేదు. ఇద్దరూ శాకాహారులు. అక్కడి మ్యూజియాల గురించి, గ్యాలరీల గురించి చదివిన కొద్దీ ఏది వదులుకోవాలో తేలడం లేదు. ఉన్న రెండు రోజుల్లో వేటికి ప్రాధాన్యం ఇవ్వాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం – మట్టిమిద్దె (ఆల్బుకర్కీ)

మొదటి ఉదయం ఊరి నడిబొడ్డున ఉన్న ప్లాజాకు కేటాయించండి. దాని ఉత్తరపు అంచున ఉన్న ప్యాలెస్ ఆఫ్ ది గవర్నర్స్ 1610 ప్రాంతంలో స్పెయిన్ వారు కట్టిన మట్టి భవనం. 1680లో అక్కడి మూలవాసులైన ప్యూబ్లో తెగలు ఏకమై తిరగబడి వారిని తరిమివేశాక, పన్నెండేళ్ల పాటు అది ఆ తెగల చేతిలోనే ఉంది. ఆ తరువాత మళ్లీ స్పెయిన్, 1821 నుంచి మెక్సికో, 1846 నుంచి అమెరికా అధికారులు అక్కడి నుంచే పాలన సాగించారు. పేరు చూసి రాజభవనాన్ని ఊహించుకోకండి. అది ఒకే అంతస్తులో పొడవుగా సాగిన మట్టి ఇల్లు, ముందు పెద్ద వసారా, అంతే.

అమ్మగారికి మాత్రం ఆ వసారాయే చాలు. న్యూ మెక్సికో తెగల కళాకారులు గోడ వారగా కూర్చుని, ముందు గుడ్డ పరచి, వెండి నగలు, టర్కాయిస్ పూసలు, మట్టి పాత్రలు అమ్ముతారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో పొద్దున్నే చీటీలు తీసి నిర్ణయించుకుంటారు. వస్తువు అమ్మేవారో వారి ఇంటివారో స్వయంగా చేసినదై ఉండాలని, దాని మీద చేసినవారి గుర్తు ఉండాలని అక్కడి నియమం. ఉంగరాన్ని వెనక్కి తిప్పి ఆ గుర్తు చూసి, ఏ ఊరి పని అని అడిగితే మాట కలుస్తుంది. అడగకుండా ఫోటో మాత్రం తీయకండి.

సమాధానం – పాతరాతియుగం

పై సమాధానానికి ఒక సవరణ. చరిత్ర తెలిసిన నాన్నగారు ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. భవనం పాతదే అయినా, ఇప్పుడు కనిపించే వసారా 1909–1913 మధ్య జరిగిన పునరుద్ధరణలో వచ్చింది. అంతకు ముందు అక్కడ ఉన్నది వేరే పోకడలో కట్టిన వరండా. ఊరంతా ఒకే మట్టిరంగులో ఉండడానికి కూడా కొంతవరకు 1957 నాటి నగర శాసనమే కారణం. చాలా గోడల లోపల ఉన్నది పచ్చి ఇటుక కాదు, పైపూత మాత్రమే మట్టిరంగు. నా దృష్టిలో అది మోసం కాదు. తన రూపాన్ని తానే ఎంచుకున్న ఊరు అది.

సమాధానం – లక్కపిడత

రెండో రోజు ప్లాజాకు సుమారు రెండు మైళ్ల దూరంలోని మ్యూజియం హిల్‌కు వెళ్లండి. అక్కడ ఒకే ఆవరణలో ఇంటర్నేషనల్ ఫోక్ ఆర్ట్ మ్యూజియం, అమెరికన్ ఇండియన్ల కళలకు అంకితమైన మరో మ్యూజియం ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి నడక తక్కువ. మొదటిదానిలో అలెగ్జాండర్ గిరార్డ్ అనే డిజైనర్ ఇచ్చిన లక్షకు పైగా వస్తువుల నుంచి ఎంచినవి 1982 నుంచి ప్రదర్శనలో ఉన్నాయి. సంతలు, పెళ్లిళ్లు, ఊరేగింపులు, అన్నీ అరచేతిలో ఇమిడే బొమ్మలతోనే పేర్చారు. పక్కన వివరాల చీటీలు ఉండవు, ఆయన వద్దన్నారట. కావాలంటే చేతిపుస్తకం చూసుకోవచ్చు. కొండపల్లి బొమ్మల కొలువు పెట్టే ఇంటి నుంచి వచ్చినవారిని అక్కడి నుంచి కదిలించడం కష్టం, సగం రోజు పక్కన పెట్టండి.

సమయం చాలకపోతే కాన్యన్ రోడ్ గ్యాలరీలను వదిలేయండి. జార్జియా ఓకీఫ్ మ్యూజియానికి మాత్రం టికెట్ ముందే తీసుకోండి. 1949లో న్యూ మెక్సికోలో స్థిరపడి 1986లో శాంటా ఫేలోనే కన్నుమూసిన ఆ చిత్రకారిణి గీసిన ఎర్రకొండలను చూశాక, దారిలో అవే కొండలు వేరుగా కనిపిస్తాయి.

సమాధానం – పచ్చిమిర్చి

ఊరు సుమారు ఏడు వేల అడుగుల ఎత్తున ఉంది. రక్తపోటు, గుండె జబ్బు ఉంటే బయలుదేరే ముందు వైద్యుణ్ణి అడగండి. మొదటి రోజు నీళ్లు ఎక్కువ తాగించి, మెల్లగా తిప్పండి. శాంటా ఫేకు దగ్గరలో, పూర్వం ప్యూబ్లో తెగలవారు నివసించిన బాండెలియర్‌లోని గుహలకు నిచ్చెనలు ఎక్కాలి కాబట్టి ఈసారికి అది మానుకోవడమే మంచిది.

భోజనం దగ్గర జాగ్రత్త అవసరం. ఉడికించిన చిక్కుడు గింజల్లో పంది కొవ్వు, మిరపకాయల పులుసులో మాంసం కలిపే అలవాటు ఉంది, అందువల్ల “వెజిటేరియన్” అన్న మాటతో ఊరుకోక రెండింటి గురించి విడివిడిగా అడగండి. ఎర్ర మిరప కావాలా, పచ్చ మిరప కావాలా అని వాళ్లు అడిగినప్పుడు “క్రిస్మస్” అంటే రెండూ వడ్డిస్తారు. సెప్టెంబరులో పచ్చిమిరపకాయలను మంట మీద తిరిగే ఇనుప జాలీ డ్రమ్ములో కాలుస్తారు. శనివారం ఉదయం రెయిల్‌యార్డ్ రైతుబజారుకు వెళ్లి ఒక సంచి కొనుక్కుంటే, డాలస్ చేరాక రోటి పచ్చడికి పనికొస్తాయి.