నా నిర్ణయాల మీద నాకే నమ్మకం పోయింది, డైరీ రాస్తే తిరిగొస్తుందా?

ప్రశ్న: చిన్న మెయిల్ పంపాలన్నా టెన్షన్, నలుగురినీ అడిగితే గానీ కుదరడం లేదు. డైరీ మొదలుపెడితే, రాసేకొద్దీ నన్ను నేనే తిట్టుకుంటున్నాను. ఎలా రాయాలి?

జవాబు: తిట్లు కాదు, జరిగింది రాయండి. నేను పేజీని నిలువుగా మడుస్తాను. నిర్ణయానికి ముందే తేదీ వేసి, మనసుకు అనిపించింది ఎడమవైపు రాస్తాను. కుడివైపు ఖాళీ. చివరికి ఏమైందో తర్వాత అక్కడ రాస్తాను. ‘ఈ పని ఒప్పుకుంటే నిద్ర ఉండదు’ అని రాసుకున్న మాట అక్షరాలా నిజమైంది. నా మనసు మాట వినదగ్గదేనని నా చేతిరాతే చెప్పింది!

మరో జవాబు: పెన్నెబేకర్, బీల్ అనే మనస్తత్వ పరిశోధకులు 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాశారు. తమ బాధ గురించి రాసినవాళ్లకు వెంటనే దిగులు పెరిగింది కూడా. కాబట్టి బరువెక్కితే భయపడకండి. మరీ తట్టుకోలేకపోతే ఆపేయండి.

అడిగినవారు: ఎడమవైపు రాసింది తప్పని తేలితే?

జవాబు: అప్పటికి ఏం తెలియలేదో కుడివైపు ఒక్క లైన్ రాయండి, చాలు.